బోర్డు మీది తేదీకి రెండు కలుపు

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి గడువుపిన్ని పంతం వదిలి ఫోను చేతిలోకి తీసుకుంది.

పంతం ఎవరి మీదంటే, తన కుర్చీలో కూర్చున్న మనిషి మీద. విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన విభాగానికి ఆమె గుమస్తా. పది రోజుల కిందట నోటీసు బోర్డు పైవరసలో గుండుసూది గుచ్చబోయి స్టూలు మీంచి పడింది. ఎడమ చీలమండ చిట్లింది. మోకాలి కింద నుంచి వేళ్ల దాకా తెల్లకట్టు. ఆరు వారాలు ఆ కాలు నేల మోపొద్దన్నాడు డాక్టరు. ఆమె చోట్లోకి పరీక్షల విభాగం నుంచి ఒక గుమస్తాని తెచ్చారు. ముప్పై రెండేళ్ల వాడు, మాట తక్కువ. ప్రతి పద్దు కిందా చెక్కస్కేలు పెట్టి గీత గీస్తాడట. వచ్చిన మూడో రోజుకే పరిశోధక విద్యార్థులు అతనికి స్కేలు అని పేరు పెట్టేశారు.

ఆమెకి గడువుపిన్ని అని పెట్టిందీ వాళ్లే. ఎదురుగా ఉంటే పిన్ని, తలుపు దాటితే గడువుపిన్ని. ఎందుకంటే ప్రతి సోమవారం 'వార్తలూ అవకాశాలూ' అని ఒక కాగితం తయారుచేసేది ఆమె. పైసగంలో వార్తలు: ఎవరి వ్యాసం అచ్చయింది, ఎవరి మౌఖిక పరీక్ష ఎప్పుడు, ఏ గదిలో ఎవరి ఉపన్యాసం. కిందిసగంలో అవకాశాలు: ఎక్కడ శిక్షణ ఉంది, ఎక్కడ ఫెలోషిప్పు ఉంది, దరఖాస్తుకి ఆఖరి తేదీ ఎప్పుడు. ఒక ప్రతి బోర్డుకి, ఒక ప్రతి అందరి ఫోన్లకీ.

ఈ సోమవారం కాగితం ఆమె ఫోనుకీ వచ్చింది. తెరవలేదు. తన వంటింట్లో ఎవరో పొయ్యి వెలిగించినట్టుంది ఆమెకి.

"నాలుగు రోజులు ఆగావు," అన్నాడు భర్త, పేపరు దించకుండానే. బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయిన మనిషి. "నేను రెండే అనుకున్నా."

"ఊరికే చూస్తున్నానండీ. తప్పులు పట్టడానికేం కాదు."

"పడుతున్నావని నేనన్నానా?"

ఒళ్లో బఠాణీల పళ్లెం. ఒకచేత్తో ఒలుస్తూ, ఇంకోచేత్తో ఫోను పట్టుకుని చదివింది. గీతలు సూటిగా ఉన్నాయి. అక్షరదోషం ఒక్కటి లేదు. అడుగున తను ఎప్పుడూ వేసే వాక్యం కూడా అలాగే ఉంచాడు: 'ఆఖరిరోజు దాకా ఆగకండి, నాయనలారా.' తన పాత కాగితం మీదే కొత్త సంగతులు దిద్దుకున్నాడన్నమాట. ఫరవాలేదు, ఉప్పు సరిపోయింది అనుకుంది.

నాలుగో అంశం దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి.

'సముద్ర పరిశోధన నౌకలో మూడు నెలలు. సముద్రం అడుగు నుంచి బురద నమూనాలు తీసే పని. మన విభాగానికి ఒక్క స్థానం. పంపిన పేరే ఖాయం. దరఖాస్తుకి ఆఖరి తేదీ: పద్నాలుగు, సాయంత్రం ఐదు గంటలు.'

ఆ ఉత్తరం కవరు చింపింది తనే. స్టూలు మీంచి పడ్డ రోజు పొద్దున. రెండుసార్లు చదివి, బురద మీద పరిశోధన చేస్తున్న బురదమ్మ కోసమే పంపినట్టున్నారే అనుకుని, కాగితంలో వెయ్యాల్సిన వాటి దొంతరలో పైన పెట్టింది. ఉత్తరంలో పద్నాలుగనే ఉంది. తను వేసుంటే పన్నెండని వేసేది.

గోడమీది క్యాలెండరు చూసింది. ఇవాళే పద్నాలుగు.

బఠాణీలు నేలమీద దొర్లాయి.

"ఏమైందే?"

"కొంప మునిగిందండీ," అంది.

*

దీనికి వెనక ఒక కథ ఉంది.

పంతొమ్మిదేళ్ల కిందట, వానరోజున, ఒక విద్యార్థి నిలువునా తడిసి ఐదుంపావుకి దరఖాస్తు తెచ్చాడు. ఐదింటితో సరి. ఆమె కిటికీ మూసింది. తప్పేం చెయ్యలేదు, నియమం అది. అతను మెట్లమీద కూర్చుని, తడిసిన కవరు మోకాళ్లమీద పెట్టుకుని ఆరబెట్టుకున్నాడు. మరి అందుకోని కవరుని ఎందుకు ఆరబెట్టుకుంటున్నాడో ఆమెకి అర్థం కాలేదు. ఆ దృశ్యం మాత్రం కళ్లలో ఉండిపోయింది. మరుసటి నెలే అతను చదువు మానేసి వెళ్లిపోయాడు.

తర్వాతి సోమవారం నుంచి ఆమె ప్రతి గడువునీ రెండు రోజులు ముందుకి జరిపి వేసింది. పది అని ఉత్తరం వస్తే బోర్డుమీద ఎనిమిది. ఎవరైనా తొమ్మిదో తేదీన ఏడుపుమొహంతో వస్తే, "సర్లే, ఇటివ్వు, నేను మాట్లాడతా" అనేది. మాట్లాడాల్సిందేమీ ఉండేది కాదు. ఊరికే పుణ్యం వచ్చేది.

పిల్లలు పిడుగులు. ఏడాది తిరక్కుండా కనిపెట్టేశారు. కొత్తగా చేరిన వాళ్లకి సీనియర్లు మొదటివారమే చెప్పేవారు: తాగేనీళ్లు రెండో అంతస్తులో బాగుంటాయి, పెద్దసారుకి పొద్దున్నే కనపడొద్దు, పిన్ని తేదీకి రెండు కలుపు. ఆదివారం వస్తే సోమవారం. వాళ్లకి తెలుసని ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని వాళ్లకి తెలుసు. ఎవరూ పైకి అనలేదు. అలా పంతొమ్మిదేళ్లు గడిచిపోయాయి.

ఈ సంగతి స్కేలుకి తెలియదు. పడిపోయిన మనిషిని ఆస్పత్రికి మోసుకెళ్తుంటే బాధ్యతలు అప్పగించేదెవరు? అతను ఉన్నది ఉన్నట్టు వేశాడు. చదివినవాళ్లు ఉన్నదానికి రెండు కలుపుకున్నారు. పద్నాలుగుకి రెండు కలిపితే పదహారు, అది ఆదివారం. అంటే బురదమ్మ లెక్కలో గడువు సోమవారం.

ఇక బురదమ్మ. ఆ పిల్ల నాలుగేళ్లుగా బురద చదువుతోంది. సముద్రం అడుగున పేరుకున్న బురదలో ఏ పొర ఎప్పుడు పడిందో చూసి, ఆ కాలంలో వానలెలా పడ్డాయో చెప్పే చదువు. కానీ ఆమె దగ్గరున్న బురద ఎవరో ఇరవై ఏళ్ల కిందట తెచ్చింది. పైపుల్లోనే ఎండి, బీటలు వారింది. సొంత నమూనా లేకపోతే ఈ సిద్ధాంతగ్రంథం నిలబడదని గైడు తేల్చి చెప్పేశాడు. ఆ ఓడ ఆరేళ్లకొకసారి వెళ్తుంది. ఆమెకి మిగిలిన గడువు ఏడాదిన్నర. విభాగంలో మిగతా పదకొండు మందీ కొండరాళ్ల మీద పనిచేసేవాళ్లు. వాళ్లకి ఓడతో పని లేదు. ఓడ దొరికితే ఈమెకి చదువు, దొరక్కపోతే నాలుగేళ్ల బురద బురదలోనే.

*

ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఐదోసారికి గుర్తొచ్చింది, ఇవాళ శుక్రవారం. శుక్రవారాలు బురదమ్మ చలిగదిలో ఉంటుంది. నమూనాలు పాడవకుండా ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచుతారు. లోపలికి వెళ్లేముందు ఫోనూ గడియారం బయట బుట్టలో పెట్టాలి. ఆ బుట్ట కొనుక్కొచ్చింది కూడా తనే.

స్కేలుకి చేసింది. స్విచ్చాఫ్. ఒంటిగంట నుంచి రెండు దాకా భోజనవేళ, ఆ గంటా ఫోను సొరుగులో పెట్టి తాళం వేస్తాడట. ఒంటిగంటకి ఇంకా పది నిమిషాలుంది, అయినా కట్టేశాడు.

"కాలు కాలిన పిల్లిలా తిరుగుదామన్నా కాలే లేదు," అంది ఆమె.

రెండూ రెండుకి స్కేలు ఎత్తాడు.

"చెప్పండి మేడమ్. కాలెలా ఉంది?"

"కాలు దాని చోట అదుంది. నాయనా, ఆ ఓడ సీటుకి ఎవరైనా ఇచ్చారా?"

"ఒక్కటీ రాలేదు మేడమ్. అందుకే నిల్ అని ఉత్తరం తయారుచేశాను. నాలుగింటికి హెడ్డుగారు సంతకం పెడతారు, ఐదు దాటాక పంపిస్తాను."

"కిందకి వెళ్లి చలిగదిలో ఉన్న అమ్మాయికి ఒక్కమాట చెప్పగలవా? ఇవాళే ఆఖరని?"

"సోమవారమే అందరికీ పంపాను కదా మేడమ్. తేదీ స్పష్టంగా ఉంది. ఒక్కరికి విడిగా గుర్తుచేస్తే మిగతావాళ్లు మాకెందుకు చెప్పలేదని అడగరా?"

అన్నమాట నిజమే. దానికి జవాబు ఒక్కటే, ఆ జవాబు చెప్పాలంటే పంతొమ్మిదేళ్లు బయటపడాలి. చెబుదామని నోరు తెరిచింది. ఫోనులో, చూడని మనిషికి, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

"అడుగుతారు. సరే నాయనా," అని పెట్టేసింది. భర్త వైపు తిరిగింది. "ఏమండీ, ఆటో పిలవండి."

"డాక్టరు ఆరు వారాలన్నాడు."

"ఆయన చెప్పిన తేదీకి నేను రెండు రోజులు తగ్గించలేను గానీ, మీరు పిలవండి."

*

ఆటో దొరికేసరికి రెండూ ముప్పావు. రైలుగేటు దగ్గర ఆగిపోయారు. గూడ్సుబండి. ఒక్కో పెట్టే నింపాదిగా, ఊరు చూడ్డానికొచ్చిన చుట్టంలా కదులుతోంది. ఆమె పెట్టెలు లెక్కపెట్టింది. నలభై ఏడు దాకా లెక్కపెట్టి మానేసింది. భర్త ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చుని, ఉండబట్టలేక, "ఎడమకి పెట్టు, ఎడమకి" అంటున్నాడు.

"మీరు నడుపుతారా?" అన్నాడు డ్రైవరు.

"నడిపితే ఈపాటికి వెళ్లేవాళ్లం."

"గేటు పడుంది పెద్దాయనా! ఎగిరి వెళ్తారా?"

విభాగం ముందు దిగేసరికి నాలుగు కావడానికి ఐదు నిమిషాలు. చంకకర్ర ఆనించుకుని, ఒంటికాలిమీద గెంతుతూ కింది వసారా చివర దాకా వెళ్లింది. చలిగది తలుపు పక్కన బుట్టలో ఫోను ఉంది. తెరమీద తన పేరే, పదకొండుసార్లు.

తలుపు బాదింది.

బురదమ్మ వచ్చి తీసింది. మందపాటి కోటు, చేతులకి తొడుగులు, చెంపమీద బూడిదరంగు మచ్చ. వెనకాల బల్లమీద నిలువునా రెండుగా చీల్చిన పైపు, లోపల పొరలుపొరలుగా బురద.

"పిన్నీ! కాలిరిగినా బోర్డుకి సూదులు గుచ్చడానికొచ్చారా?"

"ఓడ దరఖాస్తు ఎక్కడ?"

"బ్యాగులో ఉంది. గైడుగారి ఉత్తరం కూడా తీసుకున్నా. ఎందుకు పనికొస్తానో రాయమన్న పేజీ ఒక్కటే మిగిలింది. శని ఆదివారాలు కూర్చుని తీరిగ్గా..." అని ఆగింది. "ఎందుకు పిన్నీ, అలా చూస్తున్నారు?"

"తీరిగ్గా ఎప్పుడిద్దామనుకున్నావ్?"

పిల్ల చిన్నగా నవ్వింది, ఇద్దరికీ తెలిసిన దొంగతనం గురించి నవ్వినట్టు. "సోమవారం ఉంది కదా."

"లేదు తల్లీ. ఇవాళే. ఇంకో గంట."

"కాగితంలో పద్నాలుగంటే..."

"పద్నాలుగంటే పద్నాలుగే. ఆ రెండు రోజులూ నేను వేసేవి. ఈసారి వేసింది నేను కాదు."

నవ్వు ఇంకా మొహంమీదే ఉంది, దిగడం మరిచిపోయినట్టు. "కింద మీ వాక్యం ఉంది కదా పిన్నీ. నాయనలారా అని. ఇంట్లోంచి మీరే పంపుతున్నారనుకున్నా."

"నిలబడకు. ఆ పేజీ రాయి."

తొడుగులు లాగేసింది. వేళ్లు చలికి కొయ్యబారిపోయాయి, కలం పట్టు చిక్కడం లేదు. వెనకే వచ్చిన పిన్ని భర్త పిల్ల చేతుల్ని తన రెండు అరచేతుల మధ్య పెట్టి, చలికాలం పొద్దున స్టీరింగు పట్టుకోబోయే ముందు రుద్దుకున్నట్టు గట్టిగా రుద్దాడు. "రాయి తల్లీ, చక్కగా రాయక్కర్లేదు. చదవగలిగేలా రాయి." పిల్ల బల్లమీద వంగి రాసింది. ఒక పేజీ నిండడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి, "పిన్నీ, ఎందుకు పనికొస్తానూ?" అని అడిగింది.

"ఎండిపోయిన బురదతో నాలుగేళ్లు కాపరం చేశావ్. అది రాయి."

నాలుగూ ఇరవైకి కాగితాలు పట్టుకుని మెట్లెక్కి పరిగెత్తింది.

పిన్ని కింద బెంచీమీద కూర్చుంది. విభాగం ఆఫీసూ హెడ్డుగారి గదీ పై అంతస్తులో. లిఫ్టు తలుపుకి 'మరమ్మతులో ఉంది' అని అట్ట వేలాడుతోంది. ఆ అట్ట కట్టి ఏడాదైంది, కట్టింది కూడా తనే. పైనుంచి హెడ్డుగారి గొంతు వినపడుతోంది. మాటలు తెలియడం లేదు. గొంతు మాత్రం తలుపు వేసినట్టుంది.

నాలుగూ ముప్ఫై నాలుగుకి పిల్ల దిగొచ్చింది. ఆఖరి నాలుగు మెట్లూ గోడ పట్టుకుని దిగింది.

"నిల్ మీద సంతకం అయిపోయిందట. ఆఖరి అరగంటలో పరిగెత్తుకొచ్చేవాళ్ల కోసం ఓడలు రేవులో ఆగవట."

"ఎందుకు ఆలస్యమైందో చెప్పావా?"

పిల్ల నేల చూసింది.

"చెప్పలేదా?"

"ఏం చెప్పమంటారు పిన్నీ? పిన్ని ఎప్పుడూ దొంగతేదీలు వేస్తుంది, అందుకని నమ్మలేదు అని చెప్పమంటారా? మీకు ఇంకో మూడేళ్లే సర్వీసు."

పిన్ని ఆ పిల్లని ఒక్క క్షణం చూసింది. తర్వాత చంకకర్ర భర్త చేతికిచ్చింది. మెట్ల దగ్గరికి గెంతి, వెనక్కి తిరిగి, మొదటి మెట్టుమీద కూలబడింది.

"ఏం చేస్తున్నావే?"

"ఎక్కుతున్నా."

రెండు చేతులూ వెనక మెట్టుమీద ఆనించి, బాగున్న కాలితో తన్ని, ఒళ్లు ఒక మెట్టు పైకి లాగింది. మళ్లీ ఒకటి. కట్టుకాలు ముందుకి చాచి, ఎవరి కాలో మోసుకెళ్తున్నట్టు. ఇరవై రెండు మెట్లు. ముప్పై ఏళ్లు ఎక్కిన మెట్లు, ఎన్నున్నాయో ఆ రోజే తెలిసింది. పన్నెండో మెట్టు దగ్గర ఊపిరి అందలేదు. పిల్ల చెయ్యి పట్టుకోబోతే విదిలించింది. "నువ్వా కాగితాలు నలపకుండా పట్టుకో."

*

హెడ్డుగారు సంచీ సర్దుకుంటున్నాడు. వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చి మూడేళ్లయింది. చెడ్డమనిషి కాదు. ఒకసారి సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడం ఆయన చేతకాదు, అంతే. పక్కబల్ల దగ్గర స్కేలు, ముందు కంప్యూటరు, పక్కన సంతకమైన నిల్ ఉత్తరం, దానిమీద చెక్కస్కేలు బరువుగా పెట్టి ఉంది.

గుమ్మంలో నేలమీద కూర్చుని ఉన్న పిన్నిని చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"మేడమ్! ఇదేమిటి? మీరు..."

"సార్, ఆ అమ్మాయి ఆలస్యం చెయ్యలేదు. నేను చేయించాను." లేవడానికి ప్రయత్నించలేదు. ఉన్నచోటు నుంచే చెప్పింది. "పంతొమ్మిదేళ్లుగా నేను బోర్డుమీద గడువులు తప్పుగా వేస్తున్నాను. రెండు రోజులు ముందుకి జరిపి. ఆలస్యంగా వచ్చేవాళ్లని కాపాడుదామని. పిల్లలందరికీ అలవాటైపోయింది, రెండు కలుపుకుని చదువుతారు. ఈసారి ఈ బాబు అసలు తేదీ వేశాడు. వాళ్లు దానికీ రెండు కలిపారు."

హెడ్డుగారు సంచీ కింద పెట్టాడు. "పంతొమ్మిదేళ్లు?"

"అవును సార్."

"మీరు చేసినదాన్ని ఏమంటారో తెలుసా? అధికారిక సమాచారాన్ని..."

"తెలుసు సార్. రాసి, సంతకం పెట్టి ఇస్తాను. ఏ శిక్షయినా వెయ్యండి. కానీ అది సోమవారం వేసినా నడుస్తుంది. ఇది నడవదు."

గోడగడియారంలో నాలుగూ నలభై ఆరు.

"నిల్ మీద సంతకం పెట్టేశాను," అన్నాడు హెడ్డుగారు. ఈసారి గొంతు తలుపు వేసినట్టు లేదు, తాళంచెవి ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్నట్టుంది. "ఒకసారి సంతకమయ్యాక మళ్లీ ఇంకో ఉత్తరమంటే..."

"సార్." స్కేలు మాట్లాడాడు. అందరూ అటు తిరిగారు. అతను పిన్ని వైపు చూడలేదు. మొహం తెల్లగా ఉంది. "గడువు ఐదు గంటలు. ఐదయ్యాకే నిల్ పంపాలి. అందుకే పంపలేదు. ఐదులోపు వచ్చిన దరఖాస్తు తీసుకోను అనడానికి నాకు అధికారం లేదు."

"అంటే?"

"ఇంకా పద్నాలుగు నిమిషాలుంది సార్. నియమం ప్రకారం ఇది ఆలస్యం కాదు."

హెడ్డుగారు గడియారం చూశాడు, నేలమీది మనిషిని చూశాడు, కలం తీశాడు. సంతకం. ముద్ర. స్కేలు రిజిస్టరులో వరస సంఖ్య వేశాడు, వచ్చిన సమయం వేశాడు, కింద గీత గీశాడు. ఇంత తొందరలోనూ గీత మానలేదు. బురదమ్మ పిడికిళ్లు బిగించుకుని చూస్తోంది. కాగితాలు ఒక్కొక్కటే స్కానరులో పెట్టాడు. మూడో పేజీ దగ్గర యంత్రం మూలిగి ఆగింది. మూత తెరిచి, కాగితం సవరించి, మళ్లీ పెట్టాడు. దాని అంచుకి బురద అంటుకుని ఉంది.

నాలుగూ యాభై నాలుగుకి మెయిలు వెళ్లింది.

ఎవరూ కదల్లేదు. నాలుగూ యాభై ఎనిమిదికి జవాబు వచ్చింది. స్కేలు పైకి చదివాడు. "అందింది. మీ విభాగం తరఫున పేరు నమోదు చేసుకున్నాం. అభ్యర్థి వచ్చే నెల ఆరో తేదీన రేవుకి చేరుకోవాలి."

బురదమ్మ అక్కడే గోడకి జారబడి పిన్ని పక్కన నేలమీద కూర్చుంది. ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి చేసింది.

"లే," అంది పిన్ని. "వెళ్లి మీ బాబాయ్‌కి చెప్పు. మెట్ల కింద ఇంకా ఆ డ్రైవరుతో పోట్లాడుతుంటాడు. చలిగది తలుపు కూడా వెయ్యి, తెరిచి వచ్చావ్."

పిల్ల పరిగెత్తింది. హెడ్డుగారు సంచీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "సోమవారం నాకు రాతపూర్వకంగా కావాలి," అన్నాడు.

"ఇస్తాను సార్."

"ఇంటినుంచి పంపితే చాలు. మళ్లీ ఈ మెట్లెక్కకండి."

*

గదిలో ఇద్దరే మిగిలారు. స్కేలు కుర్చీ తెచ్చి, చెయ్యి ఆసరా ఇచ్చి ఆమెని కూర్చోబెట్టాడు. అది ఆమె కుర్చీయే. దిండు మాత్రం తీసేశాడు. నిల్ ఉత్తరం చింపి బుట్టలో వేశాడు.

"మేడమ్, ఒక్కమాట అడగొచ్చా?"

"అడుగు నాయనా. నువ్వు లేకపోతే ఇవాళ..."

"తొమ్మిదేళ్ల కిందట కూడా ఇలాగే వేసేవారా?"

"వేసేదాన్ని. ఎందుకూ?"

అతను చెక్కస్కేలు తీసి బల్ల అంచుకి సమంగా పెట్టాడు. మళ్లీ కొంచెం సర్దాడు.

"నేను అప్పుడు ఇక్కడే ఎమ్మెస్సీ. పొద్దున బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్లేవాణ్ణి. హాస్టలు లేదు. సీనియర్లతో పెద్దగా మాటల్లేవు. పరిశోధనలో చేరడానికి దరఖాస్తులు పిలిచారు. బోర్డుమీద ఆఖరి తేదీ తొమ్మిదని ఉంది. అప్పుడు మా నాన్నకి ఒంట్లో బాగాలేక నాలుగు రోజులు రాలేదు. పదో తేదీ పొద్దున గానీ రాలేకపోయాను. నింపిన ఫారం జేబులోనే ఉంది."

ఆమె అతని వైపు పూర్తిగా తిరిగింది.

"ఈ కిటికీ దాకా వచ్చాను. మీరు లోపల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు. తేదీ దాటాక అడగడం మర్యాద కాదనిపించింది. వెళ్లిపోయాను." లెక్క మరోసారి కూడి సరిచూసుకుంటున్నట్టు నెమ్మదిగా అన్నాడు: "అంటే అసలు తేదీ పదకొండు."

'ఒక్కసారి అడిగుంటే' అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. అడిగేవాళ్లని ఆమె ఎప్పుడూ కాపాడింది. ఏడుపుమొహంతో వచ్చినవాళ్లని, పిన్నీ అని పిలిచినవాళ్లని, సీనియర్లు చెవిలో చెప్పినవాళ్లని. బోర్డు చదివి, తల దించుకుని, మెట్లు దిగి బస్సెక్కేసినవాళ్లు ఆమె కంటికి ఎప్పుడూ పడలేదు. అలాంటివాళ్లు ఎంతమంది? పంతొమ్మిదేళ్లలో?

కిటికీ వైపు చూసింది. అవతల ఎవరూ లేరు.

"నన్ను తిట్టు నాయనా," అంది చివరికి.

"తిట్టడానికి చెప్పలేదు మేడమ్. తెలిసింది కాబట్టి చెప్పాను. ఇన్నాళ్లూ నాదే ఆలస్యమనుకున్నాను." అతను కంప్యూటరు వైపు తిరిగాడు. "సోమవారం కాగితంలో ఏం వెయ్యమంటారు?"

"ఉన్నది ఉన్నట్టు వెయ్యి. అన్నిటికన్నా పైన ఒక వాక్యం పెట్టు. 'ఇంతకాలం ఈ బోర్డుమీది గడువులు రెండు రోజులు ముందుగా వేసినవి. ఇకమీదట అసలు తేదీలే ఉంటాయి. తప్పు నాది.' కింద నా పేరు వెయ్యి. పిన్ని అని కాదు, అసలు పేరు."

అతను టైపు చేశాడు. "ఆ నాయనలారా వాక్యం తీసెయ్యనా?"

"ఉంచు. అదొక్కటి అబద్ధం కాదు."

దిగేటప్పుడు స్కేలు ఒకవైపు, భర్త ఒకవైపు పట్టుకున్నారు. కింద బోర్డు దగ్గర ఆమె ఆగమంది. సోమవారపు కాగితం పైవరసలో, తను పడ్డ చోటుకి సరిగ్గా పైన ఉంది. నాలుగు మూలలా నాలుగు సూదులు. చాలాసేపు చూసింది. ఆటో డ్రైవరు హారను కొట్టాడు.

"పిల్ల చెప్పింది, ఓడ దొరికిందట కదా," అన్నాడు భర్త, ఆటోలో ఆమె కాలు తన ఒళ్లోకి తీసుకుని పెట్టుకుంటూ. "మరి మొహం అలా పెట్టావేం? వచ్చిన పని అయ్యిందిగా?"

"ఒకటయ్యింది."

"ఇంకోటేమిటీ?"

ఆటో కదిలింది. మెట్ల దగ్గర స్కేలు నిలబడే ఉన్నాడు.

"దాని తేదీ దాటిపోయిందండీ," అంది.